రెండో పేలుడు

కక్కడ మాసం, కొండల్లో జడివానల నెల... మిట్టమధ్యాహ్నమే కాళరాత్రిలా కమ్ముకున్న వేళ! ఆ వానకు జలగలు ఈదుకుంటూ ఇంటికప్పులెక్కాయంటే మీరు నవ్వుతారు గానీ, ఉత్తయ్య నవ్వే స్థితిలో లేడు. నడిమింట్లో పెద్దల దీపం ముందు అతని భార్య ముద్దవ్వ నిర్జీవంగా పడివుంది. మూడునాళ్ల జ్వరం పొద్దున్నే ఆమెను మింగేసింది.

ఉత్తయ్య వాకిట నిలబడి, తాతలనాటి ఒంటిగొట్టం తుపాకీ ఆకాశానికెత్తి పేల్చాడు. ఢాం!

ఆ కొండల్లో ఒక్క పేలుడంటే కొడుకు పుట్టినట్టు. వెంటనే రెండోది పేలితే చావు. ఆ రెండూ వింటేనే ప్రాణం పితృదేవతల దారి పడుతుంది.

రెండో తూటా పెట్టాలని ఉత్తయ్య తుపాకీ మడిచాడు. ఖాళీ తూటా ఊడి రాలేదు! గోటితో పీకాడు... కత్తిమొనతో పెకిలించాడు... ఊహూ!

దిగువ పొలంలోంచి ముద్దవ్వ తమ్ముడు బెళ్యప్ప కేకేశాడు. "బావా! అరవై దాటాక కొడుకేంటయ్యా? మా అక్కకైనా తెలుసా?"

ఉత్తయ్య మళ్లీ కత్తిమొన దూర్చాడు.

అప్పుడు... కాఫీచెట్ల చీకట్లోంచి కపాలహస్తుడై వచ్చాడు మాంత్రికుడు కరుంబయ్య!

"ఒక్క పేలుడే విన్న ప్రాణం ఇటూ కాదు, అటూ కాదు... అది నాది!"

కపాలం మీద నెత్తురు చిలికాడు. పట్టపగలే గుడ్లగూబ ఘూత్కరించింది. శవం కెవ్వుమని లేచి కూర్చుంది! రక్తారుణ నేత్రాలు... వికీర్ణ కేశాలు...

"నా వెంట రావే, దాసీ!"

ఏదో ఈడ్చుకుపోతున్నట్టు ముద్దవ్వ వాకిలిదాకా జారి, గడప పట్టుకు వేలాడింది. "ఏమయ్యా... వాడితో పంపకు!"

ఆ కేకలకు పరుగున వచ్చిన బెళ్యప్ప అక్కను చూసి కొయ్యబారిపోయాడు. "రెండోది పేల్చు బావా!"

"వీడు మంత్రమేసి బిగించాడురా!"

బెళ్యప్ప తుపాకీ లాక్కుని లోపలికి చూశాడు. "మంత్రమా, నీ మొహమా! ఏటేటా తుపాకీ పండక్కి గంధం మెత్తుతావు. తూటాను లాగే కొక్కెం నిండా అదే ఎండి రాయైంది. కాగితం తూటా చెమ్మకి ఉబ్బి కూచుంది. పూజలేగానీ, ఒక్కసారైనా తుడిచావా?"

గొట్టం మూతిలోంచి ఇనుపకడ్డీ దూర్చి గట్టిగా పొడిచాడు. ఖాళీ తూటా వెనక్కి ఊడిపడింది. గొట్టం తుడిచి, తన నడుముపట్టీలోని ఇత్తడి తూటా పెట్టి బావ చేతికిచ్చాడు.

ఉత్తయ్య తుపాకీ ఎత్తాడు... వేలు కదల్లేదు. ముద్దవ్వ తననే చూస్తోంది. జ్వరం తగిలాక మొదటిసారి అతణ్ణి గుర్తుపట్టిన చూపు! పేల్చకపోతే దాసి. పేలిస్తే శవం.

"కానీయవయ్యా," అందామె.

ఢాం!

నడిమింట్లో పెద్దల దీపం భగ్గుమంది! పదితరాల కారణవులు, ఆ ఇంటి పితృదేవతలు, ఒక్క జ్వాలై గడప దాటి దూకారు. కపాలం పగిలింది. కరుంబయ్య ఆర్తనాదం సగంలోనే బూడిదై వానలో కొట్టుకుపోయింది.

ముద్దవ్వ చేయి గడప మీంచి జారింది.

"అక్క దారిన పడింది బావా," అన్నాడు బెళ్యప్ప మెల్లగా.

"పొద్దున జ్వరం చంపిందిరా," అన్నాడు ఉత్తయ్య. "ఇప్పుడు నేను."