కలపని చుక్క

"రాయమల్లు బస్సెక్కిండు," అన్నాడు చీఫ్ సిద్దిరాములు. "ఆయన వేములవాడల దిగేలోపు నువ్వక్కడ ఉండాలె."

కరీంనగర్‌లో ఒక జిరాక్స్ షాపు పైగది అది. బయట 'మన ఊరి మ్యాప్: వాలంటీర్లకు ఉచిత శిక్షణ' అని బోర్డు. లోపల నడిచేది సీక్రెట్ సర్వీస్. ఏజెంట్ నవనీత ఆ బోర్డు చాటున మ్యాప్ టీచరమ్మ.

రాయమల్లు పరాయి దేశాల కోడ్‌లు విప్పడంలో మొనగాడు. చూపు లేదు. గార్డులు వద్దని, మొక్కు తీర్చుకోవడానికి ఒక్కడే బయల్దేరాడు. ఫోన్ చెవిలో చెప్పిన దారినే నడుస్తాడు. ఆ ఫోన్ చదివేది వాలంటీర్లు గీసిన మ్యాప్. ఆయన బుర్ర కోసం ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది.

సిద్దిరాములు స్క్రీన్ ఇటు తిప్పాడు. నవనీత వేములవాడ బస్టాండు ముందున్న గీతల మీద వేలు పెట్టింది.

మ్యాప్‌లో ఫుట్‌పాత్‌ను రెండు రకాలుగా చూపొచ్చు. రోడ్డు గీతకే 'పక్కన ఫుట్‌పాత్ ఉంది' అని రాయొచ్చు. లేదా విడిగా ఇంకో గీత గీయొచ్చు. విడి గీత గీస్తే, రోడ్డు దాటే చోట రెండింటినీ ఒక చుక్కతో కలపాలి. బస్టాండు ముందు ఆ చుక్కను ఎవరో తీసేశారు. ఫోన్ లెక్కలో అక్కడ గోడ లేచినట్టే. రాయమల్లును అది వెనక సందులోంచి తిప్పి తీసుకుపోతుంది.

"సందుల అంబులెన్స్ ఉంది. మనది కాదు."

"మ్యాప్ ఇప్పుడే సరిచేస్త సార్."

"రాయమల్లు పొద్దుగాలనే మ్యాప్‌ను ఫోన్‌లకు దించుకున్నడు. నువ్వు సరిచేసినా ఆయనకు అందది. మనం ఫోన్ చేసినా ఎత్తడు. కోడ్ వర్డ్ లీకైంది, ఎవరు చెప్పినా నమ్మొద్దని చెప్పింది మనమే. సందుల యూనిఫాం కనబడితే వాళ్లు కాలుస్తరు."

"చుక్క తీసిందెవరు?" అని అడిగింది గానీ, జవాబు ఆమెకు తెలుసు. చుక్కలు కలపడం నేర్పింది తనే.

"మమతారాణి."

కిందటేడు ఆదిలాబాద్ మిషన్‌లో మమత ఆమె జోడీ. పెన్‌గంగ పాత వంతెన మీద ఫుట్‌పాత్ ఉన్నట్టు శాటిలైట్ ఫొటో చూసి, కుర్చీలోంచి లేవకుండా గీసింది నవనీత. అది రెయిలింగ్ నీడ. మమత ఫోన్‌ను నమ్మి నడిచింది. లారీల మధ్య పక్కకు తప్పుకునే చోటు లేక ముఠాకు చిక్కింది. ఇవతలి ఒడ్డున జీపులో ఉన్న నవనీతకు 'వెళ్లిపో' అని ఆర్డర్ వచ్చింది. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. తర్వాత మమత వాళ్ల మనిషైంది.

*

వేములవాడ. నవనీత మొహానికి పసుపు, చెవి కమ్మలో మైక్, చేతిలో కోడె తాడు. ఇక్కడి శివుడు రాజన్నకు మొక్కినవాళ్లు ఇలా కోడెను గుడి చుట్టూ తిప్పుతారు. ఆ ఊళ్లో కోడెను అదిలించే మనిషి ఉండడు.

కర్ర తాటిస్తూ రాయమల్లు సందు మలుపుకు వచ్చాడు. అంబులెన్స్ పక్కనుంచి తెల్లకోటు, నల్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్ ఆయన వైపు కదిలాయి. కోటు జేబులో చెయ్యి, చేతిలో సిరంజి.

నవనీత కోడెను సందుకు అడ్డంగా నిలిపింది. రాయమల్లు కర్ర దాని గిట్టకు తగిలింది.

"ఎవరు?"

"రాజన్న కోడె, కాకా. జర మొక్కుకో."

ఆయన కర్ర చంకలో పెట్టి, రెండు చేతులతో కోడె మూపురం తడిమి, నుదురు ఆనించాడు. చూసినవాళ్లు ఒక్కొక్కరే మొక్కడానికి చేరారు. సందు నిండిపోయింది.

అంబులెన్స్ డ్రైవర్ హారన్ కొట్టాడు.

"ఏ ఊరోనివిరా నువ్వు?" అని ఒక ముసలామె అద్దం మీద కొట్టింది. "రాజన్న కోడెకు హారన్ కొడ్తవా?"

"లోపట పేషెంటే లేడవ్వా," అన్నాడు ఇంకొకడు కిటికీలోంచి తొంగిచూసి. "ఖాళీ బండికి గింత తొందరనా?"

జనం బండిని చుట్టుముట్టారు. వాళ్లలో సగం మంది మఫ్టీ పోలీసులు. తలుపు తెరవడానికి కూడా ముఠాకు జాగా లేదు.

తెల్లకోటులో ఉన్న మమత మాత్రం రాయమల్లు వెనక్కి చేరింది. సూది ఆయన మెడకు అంగుళం దూరంలో ఆగింది.

"అక్కా, గీ కోడె మ్యాప్‌ల లేదు," అంది మెల్లగా.

"లేదు."

"వంతెన మీద ఫుట్‌పాత్ ఉండె."

నవనీత తాడు మీద పిడికిలి బిగించింది. "ఇంకా ఉన్నది."

"తీసెయ్యలే?"

"తీసేస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టయితదని తియ్యలే."

నల్లద్దాల వెనక మమతకు నవ్వు వచ్చింది. ఆ నవ్వుకు చెయ్యి ఒక్క క్షణం సడలింది. ఆ క్షణంలోనే మఫ్టీ పోలీసు ఒకడు ఆమె మణికట్టు పట్టేశాడు. సిరంజి కోడె కాళ్ల దగ్గర పడి పగిలింది. రాయమల్లు ఇంకా మొక్కుతూనే ఉన్నాడు.

మమతను ఎక్కించుకున్న జీపు మలుపు తిరిగేదాకా నవనీత చూస్తూ నిలబడింది. ఈసారి వెనక్కి చూడనిది మమత.

*

"ఆమె గీసినవన్నీ తీసెయ్," అన్నాడు సిద్దిరాములు.

నవనీత ఒక్కొక్కటే తెరిచి చూసింది. చొప్పదండి, హుస్నాబాద్, వేములవాడ. మమత ప్రతి వీధీ కాలినడకన తిరిగి గీసింది. ప్రతి క్రాసింగ్ దగ్గరా చుక్క కలిపే ఉంది, ఆ ఒక్కటి తప్ప.

"ఇవన్ని సరిగనే ఉన్నయ్ సార్. జనం నడుస్తున్నరు. తియ్యాల్సింది వేరే ఉంది."

బస్టాండు ముందు చుక్క కలిపింది. తర్వాత పెన్‌గంగ వంతెన తెరిచి, తన గీత చెరిపింది. ఫుట్‌పాత్ అన్న చోట 'లేదు' ఎంచుకుంది. మార్పుకు కారణం రాయమంది మ్యాప్. 'రెయిలింగ్ నీడను చూసి తప్పు గీశాను' అని రాసి, కింద తన పేరు పెట్టింది.

'మీ వల్ల మ్యాప్ మరింత బాగుపడింది. ధన్యవాదాలు' అంది స్క్రీన్. మర్యాద తెలిసిన యంత్రం. ఎవరి వల్ల పాడైందని అడగలేదు.