దీవికి పట్టుకెళ్ళే పుస్తకం

చండ్రుగొండ బస్టాండు హోటల్లో తుల్సీరాం చాయ్ సగం తాగి చచ్చిపోయాడు.

విషం చాయ్‌లో లేదు, అతని పంటి కింద ఉంది. గుమ్మంలో షాలేమ్‌రాజు కనపడగానే తుల్సీరాం చిన్నగా నవ్వాడు. గ్లాసు బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. క్యాప్సూల్ కొరికాడు. పక్క బల్ల దగ్గర పూరీ తింటున్నవాళ్ళు ఫిట్స్ అనుకుని అతని చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు. వాళ్ళను తోసుకుంటూ షాలేమ్‌రాజు లోపలికి వచ్చేసరికి అంతా అయిపోయింది. మిగిలింది ఒక రెగ్జిన్ సంచీ.

కాసేపటికి ఊరి బయట గెస్ట్ హౌస్‌లో బ్రీఫింగ్ మొదలైంది. ఖమ్మం నుంచి చీఫ్ చెంచురామయ్య స్వయంగా వచ్చాడు. ఆయన స్వయంగా వచ్చాడంటేనే పని పాడైందని ఇంటెలిజెన్స్ బ్యూరోలో అందరికీ తెలుసు.

"కూర్చో."

"నిలబడే ఉంట సార్."

షాలేమ్‌రాజు నిలబడలేదు కూడా. కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాడు. బ్యూరో ఫైళ్ళలో అతని కోడ్ నేమ్ లకుముకి. ఆ పిట్టయినా నీళ్ళ పైన కొమ్మ మీద కాసేపు కదలకుండా కూర్చుంటుంది గానీ, ఇతనికి ఆ గుణం అంటలేదు.

"తుల్సీరాం కవర్ స్టోరీ ఏమిటి?" చెంచురామయ్య అడిగాడు.

"దసరా సెలవులకు అండమాన్ పోతున్న టూరిస్ట్."

"అవును. మధ్యాహ్నం పర్ణశాలలో విక్టర్ అనే కొరియర్ అతనికి ఒక బైనాక్యులర్స్ ఇస్తాడు. లోపల అగ్గిపెట్టెంత బీకన్. తుల్సీరాం దాన్ని వైజాగ్‌లో పోర్ట్ బ్లెయిర్ ఓడ ఎక్కించాలి. అదే ఓడలో మన నేవీ సామాను వెళుతోంది. ఆ సామాను ఏ దీవిలో దిగుతుందో బీకన్ విదేశీ ముఠాకి చెప్పేస్తుంది. విక్టర్‌ని బీకన్‌తో సహా పట్టుకోవాలి. ఇప్పుడు తుల్సీరాం నువ్వే. విక్టర్ అతన్ని ఎప్పుడూ చూడలేదు."

"మరి నన్నెట్ల గుర్తుపడతడు?"

చెంచురామయ్య సంచీలోంచి మూడు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"సెలవుల్లో చదువుకోవడానికి పట్టుకెళుతున్న పుస్తకం చేతిలో ఉండాలి. ఏ పుస్తకమో తుల్సీరాంకీ విక్టర్‌కీ మాత్రమే తెలుసు. వాళ్ళ మధ్య ఉన్న మన మనిషి రూప్లికి కూడా చెప్పలేదు. తుల్సీరాం నమ్మకస్తుడని రూప్లి జామీను ఉంది. తప్పు పుస్తకం కనపడితే ముందు ఆమెని కాల్చేస్తారు. వాళ్ళ రూల్ అది."

షాలేమ్‌రాజు తిరగడం ఆపాడు.

రూప్లిది ఇక్కడికి దగ్గర్లోని తండా. ఖమ్మంలో దీవుల టూర్లు అమ్మే ట్రావెల్స్ నడుపుతుంది. కూలింగ్ గ్లాసులు, ఎర్ర లిప్‌స్టిక్, గలగలా ఇంగ్లీషు. విదేశీ ముఠా ఆమెని చూసి తమకి మంచి ముసుగు దొరికిందనుకుంది. ఆమె వాళ్ళ జీతం తీసుకుంటూ వాళ్ళ కబుర్లన్నీ బ్యూరోకి మోసింది. అసలు ఆమెని ఈ ఊబిలోకి దింపిందే షాలేమ్‌రాజు. ఈ ఒక్క పనీ అయితే నీకు విడుదల అని పోయిన నెలలో మాటిచ్చాడు. 

"ఫోన్ చేద్దాం సార్."

"నిన్నటినుంచి ఆమె ఫోన్ వాళ్ళ దగ్గరుంది. నువ్వే ఎంచుకోవాలి."

షాలేమ్‌రాజుకి తుపాకీ అంటే భయం లేదు. ఎంచుకోవడం అంటే చచ్చే భయం. భార్య అక్సా రెండు చీరలు చూపించి ఏది బాగుందని అడిగితే నీళ్ళు తాగే నెపంతో షాపు బయటికి వచ్చేసే మనిషి. అతని చేతిలో ఇప్పుడు మూడు పుస్తకాలున్నాయి.

మొదటిది ఇంగ్లీషు గైడ్‌బుక్. ఇటుకంత బరువు. నున్నటి కాగితం, రంగుల మ్యాపులు, ఏ బీచ్‌లో ఏ హోటల్లో ఎండ్రకాయలు బాగుంటాయో కూడా రాసి ఉంది. రెండోది దీవుల్లో పక్షుల గురించి, జేబులో పట్టే పుస్తకం. మూడోది బస్టాండుల్లో పల్లీల పక్కన దొరికే తెలుగు పుస్తకం. అట్ట మీద వంకర కొబ్బరిచెట్టు, దాని కింద సినిమా హీరోయిన్‌లా పడుకున్న అమ్మాయి. లోపల జైలు చరిత్ర, ఓడ ఎక్కితే వాంతులు రాకుండా చిట్కాలు, చేపల పులుసు.

అల్ట్రావయొలెట్ టార్చ్ వేసి ప్రతి పేజీ చూశాడు. రహస్య సిరా లేదు. మూడోదాని మొదటి పేజీలో ఏవో మరకలున్నాయి. బస్టాండు పుస్తకానికి మరకలు మామూలే అని వదిలేశాడు.

"విక్టర్‌కి తెలుగు రాదు," చెంచురామయ్య అన్నాడు. "పెద్ద ముఠా, పెద్ద పుస్తకం. ఇంగ్లీషుదే అయి ఉంటుంది."

"బైనాక్యులర్స్ ఇస్తున్నడంటే పక్షులది అయుండొచ్చు కదా సార్?"

చెంచురామయ్య సిగరెట్ వెలిగించిన తీరు చూస్తే, తప్పయితే ఆ తప్పు తనది కాకూడదని అప్పుడే నిర్ణయించుకున్నట్టుంది.

డ్రైవర్ దూలయ్య జీపు తీశాడు. కొత్తగూడెం వచ్చేదాకా ఇంగ్లీషు పుస్తకమే అని షాలేమ్‌రాజు గట్టిగా అనుకున్నాడు. పాల్వంచ దగ్గర పక్షులకి మారాడు. భద్రాచలం వంతెన మీద దూలయ్య గోదారికి దండం పెట్టి రూపాయి బిళ్ళ విసిరేలోపు మళ్ళీ ఇంగ్లీషుకొచ్చాడు. మధ్యమధ్యలో రూప్లి ముఖం గుర్తుకొచ్చేది. ఆమెకేమైనా అయితే తండాకి వెళ్ళి వాళ్ళ అమ్మకి ఏమని చెప్పాలి?

"జల్దీ పోనీ దూలయ్యా."

"పోనిస్తనే ఉన్న సార్. ఆ బర్రెలకు కూడా జర చెప్పున్రి."

రోడ్డుకి అడ్డంగా బర్రెల మంద. షాలేమ్‌రాజు డాష్‌బోర్డు మీద తబలా వాయించడం మొదలుపెట్టాడు. మంద కదిలింది. చెయ్యి తీసి చూసుకుంటే వేళ్ళన్నీ ఎర్రగా ఉన్నాయి.

కుంకుమ. మొన్న దసరాకి పెట్టింది. డాష్‌బోర్డుకి బొట్టు, స్టీరింగ్‌కి బొట్టు, గేర్ రాడ్‌కి బొట్టు, అద్దానికి వాడిపోయిన బంతిపూల దండ. దారిపొడుగునా ఎదురైన లారీలకీ ట్రాక్టర్లకీ అంతే. కుట్టుమిషన్ ఉన్నవాడు మిషన్‌కి, కొడవలి ఉన్నవాడు కొడవలికి. ఏ వస్తువుతో బతుకు గడుస్తుందో దానికి ఆ రోజు పూజ చేయాల్సిందే. షాలేమ్‌రాజు ఇంట్లో ఈ పద్ధతి లేదు గానీ, చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాడు. ఎంతగా చూశాడంటే, ఇక కంటికి ఆనడం మానేసింది.

అతను ఉలిక్కిపడి సంచీ ఒళ్ళోకి లాక్కున్నాడు.

తుల్సీరాం పిస్తోలు పిడి మీద ఎర్రటి మచ్చ. పొద్దున చూసినప్పుడు తుప్పు అనుకున్నాడు. ట్రాన్స్‌మిటర్ మూత మీద ఇంకో మచ్చ. దేశద్రోహం చేస్తే చేశాడు గానీ, తుల్సీరాం పండుగ మానలేదు. తన పనిముట్లన్నీ దేవుడి ముందు పెట్టి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మరీ బయల్దేరాడు.

పుస్తకాలు ఒక్కొక్కటే తెరిచాడు. ఇంగ్లీషుది శుభ్రంగా ఉంది. పక్షులదీ అంతే. మూడోదాని మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ బొట్టు. అతను టార్చ్ వేసి మరీ చూసి వదిలేసిన మరకలు.

సెలవుల్లో చదువుకునే పుస్తకానికి ఎవరూ బొట్టు పెట్టరు. పనిముట్టుకి పెడతారు.

"ఏంది సార్, నవ్వుతున్రు?" దూలయ్య అడిగాడు.

"ఏం లేదు. ఇప్పుడు ఇంకా జల్దీ పోనీ."

పర్ణశాలలో సెలవుల జనం. గోదారి ఒడ్డున బొమ్మల దుకాణాలు, వెదురు బుట్టలు, గాజులు. రావణుడొచ్చిన చోటిదే అని ఒక గైడు గొంతు చించుకుంటున్నాడు. దుమ్ముగూడెం దాటాక సెల్‌ఫోన్లో సిగ్నల్ చచ్చిపోయింది. మెట్ల దగ్గర మహిళా కానిస్టేబుల్ జంపక్క సీతాఫలాల గంప పెట్టుకుని మఫ్టీలో కూర్చుంది. తీపేనా అని అడగడమే ఆమెకి సిగ్నల్. పొద్దుటినుంచీ నిజంగానే అమ్ముతోందని గంప చూస్తే తెలుస్తోంది.

కిందిమెట్టు మీద విక్టర్ ఉన్నాడు. మెడలో రెండు కెమెరాలు, భుజాన బైనాక్యులర్స్, ఎండకి కమిలిన ముఖం. పక్కనే రూప్లి. నీలం చీర, కూలింగ్ గ్లాసులు. వెనక నల్ల చొక్కావాడు ఆమె నడుముకి ఏదో ఆనించి నిలబడ్డాడు. దూరం నుంచి చూసేవాళ్ళకి ముగ్గురూ ఫొటో దిగబోతున్నట్టుంటుంది.

షాలేమ్‌రాజు సంచీలోంచి తెలుగు పుస్తకం తీసి, కొబ్బరిచెట్టు కనపడేలా పట్టుకుని మెట్లు దిగాడు. రూప్లి అతన్ని చూసింది. రావలసింది తుల్సీరాం అని ఆమెకి తెలుసు. అయినా పెదవి కూడా కదపలేదు.

విక్టర్ పుస్తకం వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"సెలవుల్లో ఏం చదువుతారు?" అని ఇంగ్లీషులో అడిగాడు. రూప్లి ముందే పంపిన కోడ్.

"తిరిగొచ్చాక మర్చిపోయేది," షాలేమ్‌రాజు కూడా ఇంగ్లీషులోనే చెప్పాడు.

నల్ల చొక్కా భుజాలు కొంచెం దిగాయి. విక్టర్ నవ్వి, బైనాక్యులర్స్ తీయబోతూ, అలవాటుకొద్దీ పుస్తకం అందుకుని తెరిచాడు. అతని చెయ్యి ఆగిపోయింది.

"బ్లడ్," అన్నాడు మెల్లగా.

కుంకుమ పేజీ మీద ఎర్రగా మెరుస్తోంది. విక్టర్ కళ్ళు మారిపోయాయి. ఈ పుస్తకం అసలు మనిషిని చంపి లాక్కున్నదని అతను అనుకుంటున్నాడు. ఒక విధంగా అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. నల్ల చొక్కా చెయ్యి బిగిసింది. రూప్లి వెన్ను నిటారుగా అయింది. షాలేమ్‌రాజు ఇప్పుడు ఏ సంజాయిషీ ఇచ్చినా దొంగ సంజాయిషీలాగే వినపడుతుంది.

రూప్లి పకపకా నవ్వింది.

చెయ్యి చాచి పేజీ మీది బొట్టుని వేలితో రుద్దింది. కూలింగ్ గ్లాసులు పైకి నెట్టి తన నుదుట పెట్టుకుంది. అదే వేలితో విక్టర్ నుదుట కూడా ఒకటి దిద్దింది.

"హోలీ పౌడర్, విక్టర్! మొన్ననే పండగ. ఇది పెట్టకుండా మావాళ్ళు సైకిల్ కూడా తొక్కరు. ఫర్ గుడ్ లక్," అంది తన గలగలా ఇంగ్లీషులో.

విక్టర్ తల తిప్పి చూశాడు. మెట్ల మీద ముసలమ్మ నుదుట అదే ఎరుపు. పడవ ముందు అదే ఎరుపు. బెలూన్లమ్మేవాడి సైకిల్ హ్యాండిల్ మీద అదే ఎరుపు. ముసలమ్మ బొట్టు పెట్టుకున్న దొరని చూసి ముచ్చటపడి దండం కూడా పెట్టింది. విక్టర్ కూడా తడబడుతూ దండం పెట్టాడు. తర్వాత బైనాక్యులర్స్ తీసి షాలేమ్‌రాజు మెడలో వేశాడు.

"హ్యాపీ హాలిడేస్."

షాలేమ్‌రాజు గంప వైపు తిరిగాడు. "సీతాఫలాలు తీపేనా?"

"నువ్వే చూసుకో బిడ్డా," అంటూ జంపక్క గంప ఎత్తి నల్ల చొక్కా ముఖాన కొట్టింది. మిగలపండిన కాయలు పచక్కున పగిలాయి. వాడు కళ్ళు తుడుచుకునేలోపు ఆమె వాడి చెయ్యి వెనక్కి విరిచి మోకాలితో నేలకి అదిమింది. పడవలోంచి మఫ్టీవాళ్ళు దూకారు.

విక్టర్‌కి అప్పుడు అర్థమైంది, తన నుదుట బొట్టు పెట్టిన వేలు ఎవరి మనిషిదో. పెద్ద కెమెరా లెన్సు ఊడదీశాడు. లోపల చిన్న పిస్తోలు. గొట్టం రూప్లి వైపు తిరిగింది.

షాలేమ్‌రాజు సంచీలో చెయ్యి పెట్టాడు. ముందు తగిలింది ఇంగ్లీషు గైడ్‌బుక్. ఏది తీయాలా అని ఆలోచించకుండా అతను జీవితంలో ఎంచుకున్న మొదటి వస్తువు అదే కావచ్చు. రెండు చేతులా ఎత్తి విక్టర్ మణికట్టు మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు, తుపాకీ చప్పుడు కలిసే వినపడ్డాయి. గుండు రూప్లి కొంగుని చీల్చుకుంటూ గోదాట్లో పడింది.

బీకన్ దొరికింది. విక్టర్‌కి బేడీలు పడ్డాయి. నుదుటి బొట్టు మాత్రం ఎవరూ తుడవలేదు.

జనం చెదిరాక రూప్లి మెట్టు మీద కూలబడింది. షాలేమ్‌రాజు పక్కన కూర్చున్నాడు. జీపులో తప్ప ఆ రోజు అతను కూర్చోవడం అదే మొదలు.

"అయిపోయిందా అన్నా? నిజంగనేనా?"

"అవ్. అయిపోయింది. ఇగ నిన్ను ఎవరూ అడగరు, నేను కూడా. నిన్ను ఇందులకు తెచ్చిందే తప్పు చెల్లె."

"తప్పో ఒప్పో, వచ్చిన." చినిగిన కొంగు చూసుకుంది. "ఊర్లో సగం మందిని దీవులకు పంపిన అన్నా. ఏ బీచ్‌ల ఏం తినాల్నో, ఏం చదవాల్నో అందరికి చెప్పిన. సముద్రం నేనింకా చూడనే లేదు. ఎల్లుండి ఓడల తుల్సీరాం పక్క సీటు నాదే ఉండె. అది మాత్రం అసలు టికెట్టే."

షాలేమ్‌రాజు సంచీ ఆమె ముందు పెట్టాడు.

"ఒకటి తీస్కో. తొవ్వల చదువుకోవాలె గద."

వీపు విరిగిన ఇంగ్లీషు పుస్తకం చూసి రూప్లి నవ్వింది. తెలుగు పుస్తకాన్ని ముట్టుకోను కూడా లేదు. చిన్న పుస్తకం తీసి మొదటి పేజీ తిప్పింది.

"మనుషుల్ని మస్తు చూసిన. ఇగ పిట్టల్ని చూస్త."

ఆ సాయంత్రం భద్రాచలంలో చెంచురామయ్య సామాన్లన్నీ పంచనామాకి వరుసగా పెట్టించాడు. పిస్తోలు, ట్రాన్స్‌మిటర్, బైనాక్యులర్స్. పుస్తకాల దగ్గరకొచ్చేసరికి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"పొద్దున మూడున్నాయి. ఇప్పుడు రెండే ఉన్నాయి. ఇంకోటి ఏది?"

"సెలవు మీద పోయింది సార్," అన్నాడు షాలేమ్‌రాజు.