మూలిగే దిబ్బ

హాయిల్ పట్నం దాటి నఫూద్ ఎడారిలోకి దిగగానే తగిలే పెద్ద దిబ్బకు చెడ్డ పేరుంది. పొద్దుగుంకాక అది మూలుగుతుంది. గాలి చప్పుడు కాదు... జబ్బు మనిషి పళ్ళు బిగబట్టి మూలిగినట్టు ఉంటుందని విన్నవాళ్ళు చెబుతారు. లోపల జిన్ అనే దయ్యం ఉందని పక్కనున్న టూరిస్టు క్యాంపులో పనివాళ్ళంతా నమ్మేవారు.

పగలు అతిథులు కాళ్ళకు పలకలు కట్టుకుని, మంచు మీద జారినట్టు ఆ ఇసుక మీద జారతారు. కొరికి పారేసిన కోడి ఎముకలు, ఎంగిలి కప్పులు, పిల్లల డైపర్లు దిబ్బ కిందే వదిలేసి గుడారాలకు పోతారు. ఆ చెత్త ఏరేది నర్సింలు. పైన అంచు వెంట పాత తివాచీ ఈడ్చి, జారిన గీతలు చెరిపేది లింబాద్రి. పొద్దున వచ్చేవాళ్ళకు ఆ ఇసుకను అంతకుముందు ఎవరూ తొక్కనట్టు కనబడాలి.

ఇద్దరిదీ ఆర్మూరు పక్కనే. లింబాద్రి గల్ఫ్‌కు వచ్చి రెండు నెలలు. నర్సింలుకు ఆరేళ్ళు; ఇంటికి పోవడానికి ఎగ్జిట్ ముద్ర పడింది, ఎల్లుండి విమానం.

ఆ రోజు మేనేజర్ ఉదయకిరణ్ కొత్త మాట చెప్పాడు.

"ఇవాళ మగ్రిబ్ నమాజు అయ్యాక దిబ్బ ఎక్కవయ్యా. అంచు మీద గట్టిగా తొక్కుకుంటూ పో."

"చీకట్లనా సారూ? జిన్ ఉందంటరు గద..."

"నీ కంపుకి అదే పారిపోద్దిలే."

నర్సింలు కూడా నవ్వాడు. లింబాద్రికి నవ్వు రాలేదు. మొన్న వాన పడింది. పై ఇసుక తడిసి, ఎండకు అట్టకట్టింది. దాని కింద పొడి ఇసుక, పిండిలా. ఊళ్ళో ఇసుక లారీల మీద పనిచేసినవాడు. ఇలాంటి గట్టు ఎలా విరుగుతుందో చూసినవాడు.

"అన్నా, నువ్వు కింద ఉండంగ నేను తొక్క" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏరుడు అయినంక దూరం పోయి టార్చి ఆర్పుత. అప్పుడు తొక్కుదువు. సరేనా?"

చీకటి పడింది. లింబాద్రి అంచు మీద నిలబడ్డాడు. కింద, చాలా కింద, టార్చి వెలుగు అటూ ఇటూ తిరుగుతోంది. దాని మీంచి చూపు తిప్పలేదు.

వెలుగు ఆరిపోయింది.

లింబాద్రి తొక్కాడు. ఒక్కసారి... రెండోసారి—

అట్ట పటుక్కున విరిగింది. దిబ్బ ముఖం సగం కిందికి కదిలింది. అప్పుడు మొదలైంది మూలుగు. చెవికంటే ముందు అరికాళ్ళకు తెలిసింది. మోకాళ్ళలోకి ఎక్కింది. పళ్ళు కదిలాయి.

ఆ మూలుగు మధ్యలో ఒక కేక. సగంలోనే తెగింది.

కింద చీకట్లోంచి... చప్పట్లు.

లింబాద్రి దొర్లుకుంటూ దిగాడు. దూరంగా పరుపుల మీద అతిథులు, చేతుల్లో ఫోన్లు. దగ్గర్లో నర్సింలు తల. చేతులతో తవ్వాడు. గొంతు, ఛాతీ, నడుము దాకా బయటపడ్డాయి. నర్సింలు ఇసుక కక్కాడు.

"టార్చి... నేను ఆర్పలే..." అన్నాడు.

దాన్ని లాక్కుని ఆర్పిన ఉదయకిరణ్ ఇప్పుడు మళ్ళీ వెలిగించి పక్కనే నిలబడి ఉన్నాడు. ఒంటి మీద సెంటు, నోట్లో కబాబు.

"లైటుంటే వాళ్ళకి భయం ఎలా పుడుతుందయ్యా? ఇసుక కూలుతుందంటే ఒక్కడు రాడు. జిన్ మూలుగుతుందంటే ఎగబడతారు. ఎక్స్‌పీరియన్స్ అంటారు దీన్ని." నమలడం ఆపలేదు. "మళ్ళీ వినాలంట. పైకెళ్ళు."

లింబాద్రికి అర్థమైంది. ఇంతకాలం జిన్ అని భయపడింది దేన్నో కాదు. అంచు మీద తొక్కే తనలాంటి ఎవడో కూలివాణ్ణి.

"మనిషి ఇంక సగం ఇసుకలనే ఉన్నడు సార్—"

మాట పూర్తికాలేదు. దిబ్బ మూలిగింది.

లింబాద్రి తలెత్తాడు. అంచు మీద ఎవరూ లేరు.

ఉదయకిరణ్ టార్చితో సహా పరుగెత్తాడు. వెనక్కి చూడలేదు. చీకట్లో లింబాద్రి నర్సింలు చంకల కింద చేతులు వేసి లాగాడు. రాలేదు. మూలుగు దగ్గరైంది. మళ్ళీ లాగాడు... బూట్లు ఇసుకలోనే ఉండిపోయి మనిషి ఊడివచ్చాడు. ఇద్దరూ పక్కకు దొర్లారు. వాళ్ళున్న గుంతను ఇసుక బుసకొడుతూ పూడ్చేసింది.

మూలుగు ఆగిపోయింది.

తర్వాత చప్పట్లు. ఈసారి ఇంకా గట్టిగా.