మధ్యాహ్నం మూడూ ఇరవై

ఉదయం ఆరూ పది. నాగేశ్వరప్రసాద్ ఎడమచేతి ఉంగరపు వేలు చివర సూదితో గుచ్చుకుని, ఉబికిన నెత్తుటి బొట్టును స్ట్రిప్పుకు ఆనించాడు. మిషను అయిదు సెకన్లు తీసుకుని అంకె చూపించింది.

నూట నాలుగు.

"రత్నం, నూట నాలుగు," అన్నాడు వంటింటి వైపు తిరిగి.

"మంచిదండి," అంది నాగరత్నం. మెంతుల నీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఏడాది క్రితం ఆ అంకె మూడొందలు దాటేది. అప్పట్లో ఆయన అబద్ధాలు చెప్పేవాడు. రాజమండ్రిలో లెక్చరరుగా పనిచేస్తున్న కూతురు ఇంద్రజ ఫోన్ చేసి అడిగితే నూట ఇరవై అనేవాడు. ఫోన్ పెట్టేసి హోటలుకెళ్ళి మైసూరు బజ్జీలు తినేవాడు. కాలి బొటనవేలికి పుండు లేచి, వేలు తీసేయాల్సి వస్తుందేమోనని డాక్టరు అన్న రోజున భయం పుట్టింది. వేలు దక్కింది. ఆ రోజు నుంచి ప్రసాద్ మారిపోయాడు.

రోజూ స్కూలు గ్రౌండు చుట్టూ ఎనిమిది రౌండ్లు. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం గుప్పెడు కొర్రన్నం, గిన్నెడు ఆకుకూర, రాత్రి ఏడు కొట్టేలోగా రెండు చిన్న పెసరట్లు. పెళ్ళిళ్ళకు వెళితే అక్షింతలు వేసి, తాంబూలం పుచ్చుకుని, భోజనాల వైపు చూడకుండా వచ్చేసేవాడు. వాకింగ్ స్నేహితులు మొదట్లో "ఒక్క ఇడ్లీ తినండి ప్రసాద్ గారూ" అని బతిమాలేవారు. తర్వాత పిలవడం మానేశారు. తినని మనిషి పక్కన కూర్చుంటే తినేవాళ్ళకు ఇబ్బంది. ఆయనకు అర్థమయ్యేది. అర్థమైనా ఇంటిదాకా ఒక్కడే నడిచి రావడం మాత్రం బరువుగా ఉండేది.

ఆరున్నరకు ఫోన్ మోగింది.

"చెప్పు నాన్నా, ఎంత?"

"నూట నాలుగమ్మా."

"మధ్యాహ్నం సంగతి?"

"మధ్యాహ్నం నేను చూసుకోను కదా. పొద్దున ఒక్కసారే. నువ్వు చెప్పినట్టే."

"సరే. డాక్టరు గారు పెంచిన మాత్ర వేసుకుంటున్నావా?"

"రెండేసి వేసుకోబట్టి మూడు రోజులైంది. అసలు ఎందుకు పెంచారే? అంకెలన్నీ బాగానే ఉన్నాయిగా."

"ఎందుకు పెంచారో నీకు తెలుసు నాన్నా."

"నాకేం తెలుసు?"

"ఈ నెల కూడా ఇలాగే ఉంటే ఇన్సులిన్ అంటున్నారు. అంతదాకా వస్తే కొట్టు ఎవరికైనా అప్పగించి ఇద్దరూ ఇక్కడికి వచ్చెయ్యండి. నా కళ్ళ ముందుంటే ఏం తింటున్నావో నేనే చూసుకుంటాను."

ఫోన్ పెట్టేసింది. పెద్దాపురంలో వాన పడిందా అని గానీ, మోకాలి నొప్పి ఎలా ఉందని గానీ అడగలేదు. ఏడాదిగా తండ్రీకూతుళ్ళ మధ్య అంకెలు తప్ప ఇంకో మాట లేదు.

"ఇంద్రజ నన్ను నమ్మడం లేదు," అన్నాడు ప్రసాద్, జావ తెచ్చిన భార్యతో. "నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్మకేమండీ," అంది నాగరత్నం. ఆయన మొహం చూడకుండా, బల్ల మీద లేని మరకను తుడుస్తూ అంది.

ఈవిడా నమ్మడం లేదని ఆయన నిర్ణయానికొచ్చేశాడు. రెండు మాత్రలూ మింగి కొట్టుకు బయలుదేరాడు.

మెయిన్ రోడ్డులో ఆయనది పాత్రల కొట్టు. మరిడమ్మ జాతర ముగిసి, శ్రావణ మాసం ముహూర్తాలు జోరుగా సాగుతున్నాయి. ఇత్తడి బిందెలు, స్టీలు క్యాన్లు, సారె సామాన్లు. కొట్టు కిటకిటలాడుతోంది. పదకొండింటికి పాత ఖాతాదారు ఒకావిడ పెద్ద స్టీలు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మా అమ్మాయి సారె అండి. లడ్డూలు, అరిసెలు. సామాను మీ దగ్గరే కొన్నాం కదా, మీ ఇంటికి ఇవ్వకపోతే ఎలాగండీ."

"నాకు షుగరమ్మా."

"అమ్మగారు తింటారులెండి. వద్దనకూడదు."

సారె వద్దనకూడదు. ఈ నెలలో ఇది తొమ్మిదో డబ్బా. గుమాస్తా త్రిమూర్తులు వాటిని ఒక్కొక్కటే ఇంటికి చేరవేస్తున్నాడు. ఆ తర్వాత అవి ఏమవుతున్నాయో ప్రసాద్ ఎప్పుడూ అడగలేదు. తన కంట పడకుండా ఉంటే చాలనుకునేవాడు.

పదకొండున్నరకు, బిందె తూకం వేస్తుండగా ఆయన చేతివేళ్ళు వణికాయి. వెన్ను మీద చల్లటి చెమట దిగింది. ఎదుటి మనిషి మాట దూరంనుంచి వినబడుతోంది. బిందె జారి గచ్చు మీద దొర్లింది. ఆయన గల్లాపెట్టె పట్టుకుని అలాగే కిందికి జారిపోయాడు.

"షావుకారు గారూ," అంటూ త్రిమూర్తులు ఒక్క అంగలో వచ్చాడు. అతని అన్నకూ షుగరే. మారు ఆలోచించకుండా డబ్బా మూత పీకి, లడ్డూ సగానికి చిదిమి ఆయన నోట్లో పెట్టాడు. "నమలండి. నెమ్మదిగా నమలండి."

సరిగ్గా అప్పుడే ఇంద్రజ కొట్టు మెట్లెక్కింది.

కాలేజీకి సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా, తండ్రిని పట్టుకోవాలనే వచ్చింది. పట్టుకుంది. గచ్చు మీద కూర్చుని, మూతి నిండా బూందీతో ఆమె తండ్రి.

"అయితే తినేది కొట్లోనన్నమాట," అంది.

"అమ్మాయి గారండీ, పడిపోతుంటే నేనే పెట్టానండి. చెమటలు చూడండి," అన్నాడు త్రిమూర్తులు.

"నువ్వు ఆగు బాబాయ్. నువ్వూ ఆయన జట్టే కదా."

ప్రసాద్ నోట్లో లడ్డూ ఉంది.

ఆటోలో ఇంటికి తీసుకొచ్చేలోగా చెమట ఆరింది, చూపు నిలబడింది. నాగరత్నం కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇంద్రజ తన ఫోన్ తీసి తండ్రి ముందు పెట్టింది.

"నీది బటన్ల ఫోన్ కదా. అందుకని ఆ మిషన్ని అమ్మ ఫోన్‌కు కలిపాను నాన్నా. ఇక్కడ ఏ టైముకి పరీక్ష చేసినా అంకె నాకొచ్చేస్తుంది. నువ్వు మళ్ళీ అబద్ధం చెబుతావేమోనని మీ ఇద్దరికీ చెప్పలేదు."

"నా మీద కాపలా పెట్టావా?"

"పెట్టాల్సొచ్చింది. చూడు. సోమవారం పొద్దున నూట ఒకటి. అది చెప్పావు. అదే రోజు మధ్యాహ్నం మూడూ ఇరవైకి రెండొందల ఎనభై ఏడు. చెప్పలేదు. బుధవారం మూడు వందల పన్నెండు. నిన్న రెండొందల తొంభై. నెల రోజులుగా ఇంతే. అన్నీ డాక్టరు గారికి పంపాను. మాత్ర పెంచింది అందుకే."

ప్రసాద్ ఆ తెర వంక చాలాసేపు చూశాడు. ఏడాదిపాటు నోరు కట్టుకున్నదంతా ఎవరో ఎత్తుకుపోయినట్టు అనిపించింది.

"రెండింటికల్లా నేను కొట్లో ఉంటాను. మిషను ఇంట్లో ఉంటుంది."

"మరి అంకెలు గాల్లోంచి వచ్చాయా?"

"ఒక పని చెయ్యి," అని చెయ్యి చాపాడు. "ఇప్పుడే లడ్డూ తిన్నాను కదా, నువ్వే చూశావు. నీ చేత్తోనే గుచ్చు. ఎంతొస్తే అంత. ఎక్కువొస్తే కొట్టు తాళాలు నీకే ఇచ్చేస్తాను."

ఇంద్రజ గుచ్చింది. అయిదు సెకన్లు.

అరవై మూడు.

డెబ్భై కిందికి దిగితే ప్రమాదమే. ఇంద్రజ ఇంకో వేలు గుచ్చింది. అరవై నాలుగు. లడ్డూ తిన్న పావుగంటకు ఇంతుంటే, తినకముందు ఎంత ఉండి ఉంటుందో ఆమెకు తట్టింది. ఆ లడ్డూ అందకపోయి ఉంటే ఏమయ్యేదో కూడా తట్టింది.

"నాన్నా, నేను పంపిన అంకెల వల్లే నీకు..." అని ఆగింది. "మరి ఇవి ఎవరివి?"

మధ్యాహ్నం మూడింటికి ఆ ఇంట్లో ఉండేది ఒక్క మనిషే. ఇద్దరూ ఒకేసారి గుమ్మం వైపు తిరిగారు.

"ఆ మిషను నీకు చెప్పేస్తుందని నాకు తెలీదే," అంది నాగరత్నం మెల్లగా.

నాగరత్నం గోడ గడియారం వంక చూసింది.

"ముందు ఆయన్ని అన్నం తిననియ్యండి. తర్వాత నన్ను ఏమైనా అడుగుదురు గాని." లోపలికి వెళ్ళి కంచంలో కొర్రన్నం, కూర పెట్టుకుని తెచ్చింది. "అంతా తెలిసీ ఊరుకున్నాననుకోకండి. మాత్ర పెంచింది నా అంకెలు చూసి అని తెలిస్తే ఆరోజే చెప్పేద్దును."

"ఎన్నాళ్ళనుంచమ్మా?" అంది ఇంద్రజ.

"తెలీదు. ఒకటే దాహం. ఒకరోజు ఊరికే చూసుకుందామని గుచ్చుకున్నాను. రెండొందల అరవై. మిషను పాడైందనుకున్నాను. రేపటికి తగ్గుద్దేమో, ఎల్లుండికి తగ్గుద్దేమో అని రోజూ చూసుకుంటున్నాను."

"ఏం తింటున్నావమ్మా అసలు?"

నాగరత్నం కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"ఆ సారెలన్నీ ఇంటికే కదా వస్తాయి. పంచగలిగినంత పంచుతాను. మిగిలినవి పారేస్తే ఆ పిల్లల కాపురాలకు మంచిది కాదు. ఇంట్లో ఉంచితే నాన్నగారు చెయ్యి పెడతారేమోనని భయం. అందుకని నేనే తినేసేదాన్ని. మొదట్లో అందుకేనే. తర్వాత మాత్రం..." నీళ్ళ గ్లాసు ఆయన కంచం పక్కకు జరిపింది. "ఆయన తినేసి కొట్టుకెళ్ళాక, రెండున్నరకి ఒక్కదాన్నే కూర్చుంటానా, ఆ టైములో కూరా అన్నం సయించేవి కాదు. తీపైతే దిగేది. అదొక్కటీ నాతో ఉన్నట్టుండేది."

ప్రసాద్ నోటిదాకా వచ్చిన ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నాకెందుకు చెప్పలేదు రత్నం?"

"చెబితే ఏమవుద్దండీ? మీకు జబ్బొస్తే నేను వండాను. నాకొస్తే కొర్రలు ఎవరు వండుతారు?"

కోపం లేదు ఆ మాటలో. ఎత్తిపొడుపు కూడా లేదు. నిజంగానే తెలియక అడిగినట్టుంది. ఇంద్రజ ముందుకొచ్చి తల్లి రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ళ చివర్లన్నీ చిన్న చిన్న నల్లచుక్కలు. నెల రోజులుగా ఆ చేతుల్తోనే గిన్నెలు తోముతోంది, పచ్చళ్ళు కలుపుతోంది. ఇంద్రజ ఆ చుక్కల మీద మొహం పెట్టి ఏడ్చింది.

మర్నాడు కాకినాడలో డాక్టరు గారు ప్రసాద్ మాత్ర వెనక్కి తగ్గించారు. ఇంకెప్పుడైనా చెమట పట్టి వణుకు వస్తే ఆగకుండా పంచదార నోట్లో వేసుకుని తనకు ఫోన్ చెయ్యమన్నారు. నాగరత్నం రిపోర్టులు తిరగేసి, "అన్నీ మీ చేతిలోనే ఉన్నాయమ్మా. తిండి సరిచేసుకుని, నడిస్తే చాలావరకు దారికొస్తుంది," అన్నారు. తర్వాత కాగితం ముందుకు లాక్కుని ప్రసాద్ వైపు తిరిగారు.

"ఆవిడ రోజూ ఏం తింటారండీ? ఉదయం నుంచీ చెప్పండి."

ప్రసాద్ నోరు తెరిచాడు. ఏడాదిగా తను తిన్న ప్రతి మెతుకూ చెప్పగలడు. ఏ వారం ఆనపకాయ, ఏ వారం పొన్నగంటి కూర అన్నదీ గుర్తే. పక్కన కూర్చున్న మనిషి పొద్దున ఇడ్లీ తింటుందో, చద్దన్నం తింటుందో, అసలు తింటుందో లేదో ఆయనకు తెలియదు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆమె ఎంత ఆకలితో కూర్చుంటుందో ఒక్కసారీ చూడలేదు.

"తెలీదండి," అన్నాడు.

"ఏదుంటే అదండి," అంది నాగరత్నం, ఆయన్ని ఒడ్డున పడెయ్యడానికి.

ఆ మరుసటి రోజు పదకొండింటికే కొట్టు త్రిమూర్తులుకు అప్పగించి ప్రసాద్ ఇంటికి వచ్చేశాడు. నాగరత్నాన్ని వంటింట్లోంచి బయటికి పంపి కుర్చీలో కూర్చోబెట్టాడు. నలభై ఏళ్ళు గిన్నెలమ్మిన మనిషికి, గిన్నెడు కొర్రలకు నీళ్ళెన్ని పొయ్యాలో తెలియలేదు.

"గ్లాసుకు మూడండి," అంది ఆమె బయటినుంచి.

"తెలుసులే."

"స్టవ్ తగ్గించండి. వాసనొస్తోంది."

"కూర్చోమన్నానా."

పన్నెండున్నరకు రెండు కంచాలు ఎదురెదురుగా పెట్టాడు. కొర్రన్నం అడుగంటింది. తోటకూర పసరు రంగు పోయి నల్లబడింది. నాగరత్నం కంచం ముందు కూర్చుని, ఎవరో చూస్తారన్నట్టు ఒకసారి వీధి గుమ్మం వైపు చూసింది. ఆయన కంటే ముందు ముద్ద కలపడం ఎలాగో ఆమెకు తెలియదు. కలిపింది. నోట్లో పెట్టుకుంది. నములుతుండగానే కళ్ళలోంచి నీళ్ళు జారాయి.

"ఏమైంది? ఉప్పెక్కువైందా?"

"అసలు వెయ్యలేదండీ మీరు."

"అయ్యో, ఉండు, తెస్తాను," అని ప్రసాద్ లేవబోయాడు.

నాగరత్నం ఎడమచేత్తో ఆయన మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కూర్చోండి," అంది. "ఉప్పు లేకపోయినా పర్లేదు. మీరు లేస్తే మళ్ళీ ఒక్కదాన్నే అయిపోతాను."

ప్రసాద్ కూర్చున్నాడు.