షట్టర్ టీవీలో దేవిశ్రీ

“దీని కడుపులో ఉన్న సామానంతా తీసెయ్యాలండి. ఎంత టైము పడుతుంది?”

ఆటోలోంచి దింపిన షట్టర్ టీవీని బల్ల మీద పెట్టించి, చున్నీతో చెమట తుడుచుకుంటూ అడిగింది దేవిశ్రీ.

మణిశంకర్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. తణుకులో పాత టీవీలు, రేడియోలు బాగుచేసే షాపు అతనిది. చెక్క పెట్టె, రెండువైపుల నుంచీ మూసుకునే చెక్క షట్టర్లు, లోపల బ్లాక్ అండ్ వైట్ పిక్చర్ ట్యూబు... అలాంటి సెట్టు చూసి ఏళ్ళయింది.

“తీసేసి?”

“అక్వేరియం చేయిస్తానండి. ఆదివారం మా కాఫీ షాపు ఓపెనింగు. గోల్డ్ ఫిష్ కూడా ఆర్డరిచ్చేశాను.”

“ఎంత మాటండీ! టీవీని చంపి చేపల్ని పెంచుతారా?”

“ఇది ఎప్పుడో పోయిందండి. మండపేటలో పాత సామాన్ల కొట్లో దొరికింది.”

“పోలేదండి. స్పృహ తప్పిందంతే.”

దేవిశ్రీ నవ్వాపుకుంది. “అయితే ఆదివారానికి లేపండి. లేవకపోతే మీ చేత్తోనే ఖాళీ చేసివ్వాలి.”

“అలాగేనండి” అన్నాడు. కనీసం వెనక మూత విప్పి చూడకుండా మాటెందుకు ఇచ్చాడో, ఆమె వెళ్ళాక ఎంత ఆలోచించినా ఒకటే సమాధానం వచ్చింది. ఆ సమాధానానికి టీవీతో సంబంధం లేదు.

మూత తీస్తే లోపల ఎలుకలు కాపురం చేసి వెళ్ళిన గుర్తులు. వైర్లు కొరికేసి ఉన్నాయి. కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. అతను ఒక్కొక్కటే మారుస్తుంటే, దేవిశ్రీ రోజూ సాయంత్రం “ఊరికే చూసిపోదామని” వచ్చేది. మొదట గుమ్మంలో నిలబడింది. తర్వాత స్టూలు మీద కూర్చుంది. ఆ తర్వాత టార్చిలైటు పట్టుకుంది.

“లైటు నా ముక్కు మీద కాదండి, బోర్డు మీద కొట్టండి.”

“మీరు బోర్డు వైపు చూస్తే కదండీ!”

మణిశంకర్ చెవులు ఎర్రబడ్డాయి. చేపల ఆర్డరు అప్పటికే క్యాన్సిల్ చేసేసిన సంగతి మాత్రం ఆమె చెప్పలేదు.

శుక్రవారం వాన దంచికొట్టింది. దేవిశ్రీ పరుగెత్తుకొచ్చి షాపు చూరు కింద నిలబడేసరికి లోపల మణిశంకర్ ఫోన్లో మాట్లాడుతున్నాడు.

“ముఖం చంద్రబింబమే బాబాయ్! కాకపోతే కాస్త వేడెక్కితే గానీ చూపించదు. నిన్న ఒక్కసారి తళుక్కుమంది, నా గుండె ఆగినంత పనైంది. ఇంకొకళ్ళ చేతిలో పెట్టబుద్ధి కావట్లేదు.”

దేవిశ్రీ అదే వానలో వెనక్కి తిరిగింది. శనివారం రాలేదు. ఫోన్ చేస్తే, “రేపు సెట్టు తెచ్చి పెట్టేయండి, చాలు” అని కట్ చేసింది. మణిశంకర్‌కి బుర్ర పనిచేయలేదు. చేతులు మాత్రం వాటి మానాన అవి వైర్లు బిగించాయి.

ఆదివారం పొద్దున కాఫీ షాపంతా చుట్టాలు. దేవిశ్రీ తండ్రి బుల్లబ్బాయి గారు కొబ్బరికాయ పట్టుకుని ముహూర్తం కోసం చూస్తున్నారు. మణిశంకర్ సెట్టు బల్ల మీద సర్దుతుంటే దేవిశ్రీ పక్కకొచ్చి నిలబడింది.

“మీ చంద్రబింబాన్ని తీసుకురాలేదా?”

“ఎవరండీ?”

“వేడెక్కితే గానీ ముఖం చూపించదటగా. మీ బాబాయికి చెప్తుంటే విన్నాను.”

మణిశంకర్ నోరు తెరిచి, టీవీ వైపు వేలు చూపించాడు. “పిక్చర్ ట్యూబండీ! తాతాజీ బాబాయ్ రాజమండ్రిలో టీవీ మెకానిక్కు. సలహా అడుగుతున్నాను!”

దేవిశ్రీ మెనూ కార్డుతో ముఖం కప్పుకుంది. కార్డు వెనకాల భుజాలు ఊగిపోతున్నాయి.

ఇప్పటి ఛానళ్ళు ఆ సెట్టుకి రావు. అందుకని మణిశంకర్ దానికో చిన్న కెమెరా తగిలించాడు, వచ్చినవాళ్ళు తమని తాము చూసుకుంటారని. స్విచ్ వేశాడు. సన్నగా గుయ్ మంది. తెర మెల్లగా వెలిగింది. బొమ్మ వచ్చింది!

కానీ అందరూ తలకిందులుగా ఉన్నారు.

చుట్టాలు మెడలు వంచి వంచి చూడసాగారు. మణిశంకర్ నెత్తి కొట్టుకున్నాడు. ట్యూబు మెడకుండే కాయిల్ వైర్లు రెండూ నిన్న అటుదిటు, ఇటుదటు బిగించేశాడు.

“ఏంటబ్బాయ్, మా అమ్మాయిని తలకిందులు చేసేశావ్?” అన్నారు బుల్లబ్బాయి గారు.

“ఆవిడ బాగానే ఉన్నారండి. తలకిందులైంది నేనండి” అనేశాడు మణిశంకర్. “నిన్న ఆవిడ షాపుకి రాలేదండి. ఏ వైరు ఎక్కడ బిగించానో నాకే తెలీదు.”

బుల్లబ్బాయి గారు అతన్ని కిందనుంచి పైదాకా చూశారు. తర్వాత తెర మీద కూతుర్ని చూసి కంగారుపడ్డారు.

“మూతి ముడుచుకున్నావేంటమ్మా? ఇతనంటే ఇష్టం లేదా?”

“నాన్నా! తలకిందుల బొమ్మలో నవ్వు అలాగే ఉంటుంది. ఇటు తిరిగి నన్ను చూడు!”

ఆయన తిరిగి చూశారు. చాలాసేపు చూశారు. ఆ తర్వాత కొబ్బరికాయ ఫెడీమని కొట్టి, మణిశంకర్ ముందుకి కుర్చీ లాగారు.

“కూర్చోవయ్యా, మొదటి కాఫీ నువ్వే తాగు. తాగుతూ మీ నాన్నగారి ఫోన్ నంబరు చెప్పు.”