పెండ్లి దండ ఎవరు కట్టాలి?

ఆ పొద్దున పర్శరాములు మగ్గం ఉన్నట్టుండి ఆగిపోయింది. పొయ్యి దగ్గర నిలబడ్డ భార్య వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఇంకోపారి చెప్తున్న," అంది దేవవ్వ. "గులాం నబీ పూలు గీ ఇంట్లకు వస్తే నేను పందిట్ల కూసోను. అల్లుని కాళ్లు నువ్వొక్కనివే కడుక్కో."

కూతురు నర్మద చేతిలోని నూలు కండె జారి కిందపడింది. వచ్చే ఆదివారమే పెండ్లి. తల్లి లేని పందిట్లో తను ఎట్లా కూర్చోవాలి?

"సిరిసిల్లల అందరి పెండ్లిండ్లకు ఆయనే కదనే అవ్వా దండలు కట్టేది!"

"కరీంనగర్ కెళ్లి తెప్పిస్త. లేకుంటే బంతిపూలు నేనే గుచ్చుత."

"నువ్వు గుచ్చితే బర్రె మెడల ఏసినట్టుంటది," అన్నాడు పర్శరాములు.

దేవవ్వ నవ్వలేదు. "నీ అక్క అనసూర్య పోయిన దినం ఆయన ఏం తెచ్చిండో ఎరికేనా బిడ్డా? జరీ కట్టిన పెండ్లి దండ! నిజాం జమానల గత్తర రోగం వచ్చి ఊరంత పాడెలు లేస్తుంటే, ఎవలో వద్దన్న దండ తెచ్చి నా ఏడేండ్ల పిల్ల మీద పడేసిండు. గా చేతులు నిన్ను ముట్టొద్దు."

నర్మద అప్పుడు పాలు తాగే పిల్ల. అక్క పేరు వింటూ పెరిగింది గాని, ఈ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"ఎందుకట్ల చేసినవని ఎన్నడన్న అడిగినవా అవ్వా?"

"అడిగేదేంది? కండ్లార చూసిన."

"అయితే ఇయ్యాల అడుగుదాం, పా!" నర్మద తల్లి చెయ్యి పట్టుకుని బజారు దారి పట్టింది.

పూల దుకాణంలో గులాం నబీ గిరాకీతో మాట్లాడుతూనే మల్లెలు అల్లుతున్నాడు. చూపు పూల మీద లేదు. అయినా మొగ్గ పక్కన మొగ్గ, తమంతట తామే వచ్చి కూర్చుంటున్నట్టు దండ సాగుతోంది. ఎన్నిసార్లు చూసినా నర్మదకు ఊపిరి నిలిచిపోయేది.

"నబీసాబ్!" దేవవ్వ గొంతుకు బజారంతా తిరిగింది. "నా బిడ్డ శవానికి పెండ్లి దండ ఎందుకేసినవు?"

ఆ వేళ్లు ఆగిపోయాయి. పూల మీద నీళ్లు చల్లుతున్న భార్య బిస్మిల్లా బీ చెంబు కింద పెట్టింది.

"ఆయన చెప్పడు అక్కా, నేను చెప్త. నీ అనసూర్య రోజూ వచ్చి గీ బల్ల మీద కూసునేది. 'చాచా, నా పెండ్లికి జరీ దండ కట్టాలె, మోకాళ్ల దాక రావాలె' అని ఒకటే జబర్దస్తీ. ఈయన సరే అన్నడు. గత్తరప్పుడు ఈడ తోటల పూలు తెంపెటోళ్లే లేరు. వేములవాడ దాక నడిచిపోయి మల్లెలు తెచ్చిండు. 'మాట ఇచ్చిన పిల్లను ఉత్తగ ఎట్ల తోలుత' అని ఏడ్చుకుంట కట్టిండు."

"అబద్ధం," అనబోయింది దేవవ్వ. అంతలో ఆమె చెయ్యి మెల్లగా తన మోకాళ్ల మీదికి పోయింది. ఎవరో పెద్దవాళ్లు వద్దన్న దండే అయితే, అంత చిన్న పిల్ల కాళ్లు దాటి నేల మీద పడేది. కాని ఆ దండ సరిగ్గా మోకాళ్ల దాకానే వచ్చింది. కండ్లార చూసింది, ఇన్నేండ్లు ఆ సంగతే తట్టలేదు!

నర్మద గులాం నబీ వేళ్ల వైపు చూసింది. ఊరు ఊరంతా చావుకు భయపడి తలుపులు వేసుకున్న రోజున, ఈ మనిషి ఒక్కడే కూర్చుని, చచ్చిపోయిన పసిపిల్ల కొలతకు పెండ్లి దండ అల్లాడు!

దేవవ్వ బల్ల మీద కూలబడి బోరున ఏడ్చింది. "నా కండ్లు పాడుగాను సాబ్! నిన్ను ఎన్ని శాపాలు పెట్టిన..."

"నువ్వు తల్లివి చెల్లె. నీ తిట్లు నాకు తగలయి," అన్నాడు గులాం నబీ, కండ్లు తుడుచుకుంటూ.

దేవవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. నర్మద భుజాలు పట్టి ముందుకు తోసింది. బిస్మిల్లా బీ కొలతదారం ఒక కొస పిల్ల మెడ దగ్గర ఆనించింది. గులాం నబీ దారం వదులుతుంటే కిందికి దిగే దారాన్ని దేవవ్వే పట్టుకుని, బిడ్డ మోకాళ్ల ముందు నేల మీద కూర్చుంది.

"ఇంక జర ఇడువు సాబ్," అంది. "నా బిడ్డ పొడుగు పెరిగింది."