గోరింకల కొండ మీద ఓబులమ్మ మంత్రం

కుంతలదేశంలో చెరువు తూములను మనుషులు ఎత్తేవారు కాదు. మంత్రం విని భూతం ఎత్తేది. మంత్రమంటే ఏదో గొణుగుడు అనుకునేరు, కాదు. 'చెరువు నిండితే ముందు దిగువ ఊరికి, తరువాత ఎగువ ఊరికి నీళ్లు వదలాలి' అని భూతభాషలో పొల్లుపోకుండా కట్టిన ఆజ్ఞ. ఒకసారి భూతం ఒప్పుకున్నాక రాజు బతిమాలినా అది మారదు. ఇప్పుడు బ్లాక్‌చెయిన్ అనే, ఎవరూ దిద్దలేని ఉమ్మడి కంప్యూటర్ చిట్టా మీద ప్రోగ్రాములు రాసే అక్కలూ అన్నలూ చేసే పని ఇంచుమించు ఇదే. నేను కోతలు కోస్తున్నానేమో వాళ్లనే అడగండి.

మంత్రాలు కట్టడంలో దిగువ ఊరి ఓబులమ్మ దిట్ట. జబ్బుచేసి ఆమె గొంతు పోయింది. అంతకుముందే కూతురు చెంగల్వకు విద్యంతా నేర్పడం వాళ్ల అదృష్టం.

దేశం మొత్తం మంత్రాలు చెప్పుకునేది కోటలో ఉన్న ఒక్క భూతానికే. దాని ముందు జనం బారులు తీరేవారు. ఎక్కువ కానుక ఇచ్చినవారి మంత్రమే అది ముందు వినేది. దిగువ ఊరి పేదలకు వంతే రాలేదు. వరి పొట్టకొచ్చింది, మడులు నెర్రెలు విచ్చాయి. చెంగల్వ మరో భూతాన్ని వెతుక్కుంటూ అడవిదారి పట్టింది.

లోయలో అగ్గిభూతం ఎదురైంది.

"నీ మంత్రం నాకర్థం కాదు పిల్లా. నా భాష నేర్చుకొని, మొదటినుంచి కట్టుకొని రా."

"అందాకా మా వరి ఆగదు మామా," అని చెంగల్వ ముందుకు సాగింది.

గుహలోని రాక్షసుడు మాత్రం, "నాకు అన్ని భాషలూ వచ్చు, చిటికెలో చేస్తా," అన్నాడు.

"రేపు ఎగువ ఊరోళ్లు మేకపోతును తెచ్చిస్తే మాట మారుస్తావా?"

"మార్చితే చూసేదెవరు?" అని నవ్వాడు. చెంగల్వ అక్కడ మంచినీళ్లు కూడా ముట్టలేదు.

చివరికి గోరింకల కొండ చేరింది. అక్కడ ముసలి కొండభూతం చుట్టూ ప్రతి రాతి మీదా, అది ఒప్పుకున్న మంత్రాలను అప్పజెప్పే గోరింకలే. దీని భాష కూడా వేరేమోనని భయపడి చెంగల్వ, అమ్మ మంత్రంలో అగ్గిభూతం మాటలు కొన్ని కలిపి చదివింది. ఒక్క గోరింకా పలకలేదు.

"అతుకుల బొంతలా ఉందేందమ్మా? మార్చమని నీకెవరు చెప్పారు?" అంది కొండభూతం. "నేనూ కోట భూతమూ ఒకే బడిలో చదివినోళ్లం. అక్కడ పలికే మంత్రం ఇక్కడా పలుకుతాది. మీయమ్మ కట్టింది కట్టినట్టు చెప్పు."

చెంగల్వకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకొని, అమ్మ నేర్పినట్టే చెప్పింది. ఈసారి గోరింకలన్నీ దాన్ని అప్పజెప్పుకుంటూ ఆమె ఊరివైపు ఎగిరాయి.

"కానుక ఏమివ్వాలి తాతా?"

"గుప్పెడు గింజలు చాలు. వినే పిట్టలకు ఆకలేస్తది గదా."

ఆమె ఇల్లు చేరేసరికి వానకు చెరువు నిండింది. తూము దగ్గర ఎగువ ఊరి పెద్ద ఒక గోరింకకు నువ్వులు పెట్టి, 'ముందు ఎగువకు' అనిపిస్తున్నాడు. అది అననే అంది. కానీ మిగతావన్నీ ఒక్కసారిగా అసలు మంత్రం పలికాయి. ఎక్కువ పిట్టలు పలికిన మాటనే భూతం విన్నది. తూము లేచి నీళ్లు ముందు దిగువ మడుల్లోకే పారాయి. తరువాత ఎగువకూ అందాయి.

ఓబులమ్మ గుమ్మంలోకి వచ్చింది. చెట్టు చెట్టునా తన మాటలే వినిపిస్తున్నాయి. ఆమె పెదవులు వాటితోపాటు కదిలాయి.

"ఒక్క ముక్క మార్చకుండానే పలికిందమ్మా," అంది చెంగల్వ.

కోట ముందు విసిగిన మంత్రకర్తలందరూ తమ పాత మంత్రాలతోనే కొండకు నడిచారు. రాజు చెంగల్వను తూములన్నిటికీ అధికారిణిని చేశాడు. ఆ ఏడు కొత్త వడ్లు ఇంటికి రాగానే ఓబులమ్మ పొయ్యి వెలిగించలేదు. ముందు చాటెడు వడ్లు మిద్దె మీద పోసి, గోరింకలు తిని ఎగిరేదాకా చేతులు జోడించి నిలబడింది.